నెలకొకసారి తలుపు తట్టే మనిషి

బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. చదివింది బి.కాం. జమాఖర్చులు తప్ప వేరే శాస్త్రం తెలియదు. అటువంటివాడు ముసలివాళ్ల రక్షణ గురించీ, సంక్షేమ శాఖల సిబ్బంది గురించీ వ్యాసం రాయడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. నిజమే. కాని ఒక అవ్వ విషయంలో నేను చేసిన తప్పూ, తరువాత తెలుసుకున్న సంగతులూ మన సంఘంలోని ప్రతి కుటుంబానికీ పనికొస్తాయన్న నమ్మకంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2013లో గుడియాత్తం ప్రాంతంలో ఒక చిన్న శాఖకు మేనేజరుగా వెళ్లాను. శాఖ పేరు, ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. అటు పరదరామి దాటితే చిత్తూరు జిల్లా, ఇటు పేర్ణాంబట్టు దాటితే వి.కోట. ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి కొన్ని తాలూకాలు విడదీసి 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు గాని, నోటి మాట జిల్లా సరిహద్దును చూసి మారదు గదా! కౌంటరు దగ్గరకు వచ్చేవారిలో చాలామంది నాతో తెలుగులోనే మాట్లాడేవారు.

మా ఖాతాదారుల్లో ఒక అవ్వ ఉండేది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు. ఆమెకు ఫ్యామిలీ పింఛను వచ్చేది. అమ్మ నడవలేదని చెప్పి, ప్రతి నెలా మొదటి వారంలో కొడుకు విత్‌డ్రాయల్ ఫారం మీద ఆమె వేలిముద్ర వేయించుకుని తెచ్చేవాడు. మంచం పట్టిన ఖాతాదారు వేలిముద్రను ఇద్దరు సాక్షులు గుర్తించాలనీ, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలనీ నిబంధన. మొదట్లో ఎవరో ఒకసారి ఇంటికి వెళ్లి చూసి వచ్చారట. ఆ తరువాత పని ఒత్తిడిలో వెళ్లడం మానేశారు, సాక్షి సంతకం మాత్రం పెడుతూ వచ్చారు. నేను చేరాక ఆరు నెలలు నేనూ అదే చేశాను. మధ్యలో ఆడిట్ కూడా జరిగింది. ఆ వోచర్లలో ఒక్క లోపం కూడా దొరకలేదు.

నవంబరు వచ్చింది. పింఛనుదారు బతికే ఉన్నారని ధ్రువపత్రం తీసుకోవలసిన నెల. ఈ ఒక్క కాగితం మీదైనా చూడకుండా సంతకం పెట్టకూడదనుకుని స్కూటరు మీద ఆ ఇంటికి వెళ్లాను. ఇంటి వెనక పశువుల కొట్టాన్ని ఆనుకుని ఒక చిన్న గది. బయట గడియ పెట్టి ఉంది. కోడలు వచ్చి గడియ తీసింది. అవ్వ గోనెపట్టా మీద ముడుచుకుని పడుకుని ఉంది. పక్కన సత్తుగిన్నెలో ఎప్పటిదో ఎండిపోయిన సంగటి. నడుము దగ్గర పుండ్లు పడ్డాయి.

“ఏం అవ్వా, బాగుండావా?” అన్నాను.

“బాగానే ఉండా నాయినా. బిడ్డ కష్టపడతా ఉండాడు. వాణ్ణేమీ అనొద్దు” అంది.

“పింఛను సరిగా అందతా ఉందా?”

ఆమె నా వంక వింతగా చూసింది. “నాకు పింఛనా? మా ఆయన పోయినంక అది నిలిచిపోయిందని చెప్పినాడే” అంది. మరి నెలనెలా వేలిముద్ర దేనికేస్తున్నావని అడిగితే, రేషను కార్డుకని చెప్పింది.

నాకు నోట మాట రాలేదు. నా సంతకంతో ఆరు నెలల డబ్బు ఆమెకు తెలియకుండానే వెళ్లిపోయింది.

ఆ కొడుకూ కోడలూ రాక్షసులు కారు. అతను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో కూలి, ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది, ముగ్గురు పిల్లలు. “పగలు మేము ఉండము సార్, బయటికిపోయి పడిపోతాదని గడియ పెడతాము” అంది కోడలు. అందులో కొంత నిజం కూడా ఉంది. చాలా ఇళ్లలో ముసలివాళ్లకు జరిగే అన్యాయం ఇలాగే మొదలవుతుంది. మొదట కష్టం, తరువాత విసుగు, ఆ తరువాత అలవాటు. ఎవరూ వచ్చి చూడకపోతే ఆ అలవాటుకు హద్దు ఉండదు.

ఎవరికి చెప్పాలి?

శాఖకు తిరిగి వచ్చి ఫోను పట్టుకున్నాను. తాలూకా ఆఫీసువారు తాము వృద్ధాప్య పింఛను మాత్రమే చూస్తామన్నారు. పోలీసు స్టేషన్లో, కొడుకు మీద ఆ ముసలమ్మ స్వయంగా ఫిర్యాదు ఇస్తుందా అని అడిగారు. ఆమె ఇవ్వదు, నాకు తెలుసు. సంక్షేమ శాఖలో ఒక ఉద్యోగిని ఓపికగా విన్నారు. తన కింద ఉన్న ఊళ్ల సంఖ్య చెప్పి, వీలు చూసుకుని వస్తానన్నారు. ఆమె రాలేదు. రాలేకపోయారని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. అన్ని ఊళ్లకు ఒకే మనిషి అయితే ఎవరు మాత్రం ఏం చేస్తారు? విచిత్రమేమిటంటే ఆ వీధికి వచ్చే గ్రామ నర్సుకు సంగతంతా ముందే తెలుసు. “నాకు చెప్పుకోవడానికి ఎవరున్నారు సార్?” అంది ఆమె.

చివరకు నా చేతిలో ఉన్న పని నేను చేశాను. ఇకమీదట డబ్బు అవ్వ చేతికే ఇస్తానని కొడుక్కు చెప్పాను. ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం ఒక గుమాస్తాను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి, నోట్లు ఆమె ఎదుట లెక్కపెట్టి ఇచ్చేవాడిని. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఆమె మళ్లీ కొడుక్కే ఇచ్చేది. అది ఆమె ఇష్టం. కాని మూడో నెలకు గోనెపట్టా పోయి నవారు మంచం వచ్చింది. నాలుగో నెలకు ఆమె వీధి అరుగు మీద కూర్చుని కనిపించింది. నేను ఎవరికీ ఏమీ ఉపదేశం చేయలేదు. నెలకొకసారి ఒక మనిషి వచ్చి చూస్తాడని ఆ ఇంట్లో అందరికీ తెలిసింది, అంతే.

పద్నాలుగు నెలల తరువాత నాకు బదిలీ అయింది. చార్జీ అప్పగించే రోజున తాళాలు, నగల పాకెట్లు, రిజిస్టర్లు, స్టాంపులు అన్నీ లెక్కపెట్టి అప్పగించాను. అవ్వ సంగతి కొత్త మేనేజరుకు నోటితో చెప్పాను. ఆ జాబితాలో అవ్వకు గడి లేదు. రెండేళ్ల తరువాత గుడియాత్తంలో ఒక పెళ్లికి వెళ్లి, పనిలో పనిగా ఆ శాఖకు వెళ్లి అడిగాను. “ఆమె పోయి ఏడాదయింది సార్. మీరు వెళ్లాక మళ్లీ కొడుకే వచ్చేవాడు” అన్నారు. చివరి రోజులు ఎలా గడిచాయో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నేను చేసిన మేలు నా బదిలీతో పాటు పోయింది. మంచి మనిషి ఉంటే చాలదు, ఆ పనికి ఒక కుర్చీ ఉండాలి, కుర్చీ ఖాళీ అయితే ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

చట్టం ఉంది

నాకు అప్పట్లో తెలియని విషయం ఒకటుంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. సొంత ఆదాయంతో గాని ఆస్తితో గాని బతకలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. మనవడు, మనవరాలు మేజర్లయితే వారికీ బాధ్యత ఉంది. పిల్లలు లేనివారయితే, వారి ఆస్తికి వారసులయ్యే బంధువు చూసుకోవాలి. దరఖాస్తును రెవెన్యూ డివిజను స్థాయిలో ఉండే ట్రిబ్యునల్ వింటుంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ముసలివారు స్వయంగా రాలేకపోతే వారు కోరిన మనిషి గాని సంస్థ గాని దరఖాస్తు పెట్టవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానే కూడా విచారించవచ్చు. కాపాడవలసినవాళ్లు ముసలివాళ్లను వదిలేసి పోతే మూడు నెలల దాకా జైలు శిక్ష ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఈ చట్టం కింద కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా నియమాలలో ఉంది. ప్రతి పోలీసు స్టేషను తన పరిధిలోని వృద్ధుల జాబితా ఉంచుకోవాలి. ఒంటరిగా ఉండేవారి ఇంటికి పోలీసు ప్రతినిధి, వీలైనంతవరకు ఒక సామాజిక కార్యకర్తనో వాలంటీరునో వెంటబెట్టుకుని, కనీసం నెలకొకసారి వెళ్లి చూడాలి. సరిగ్గా నేను స్కూటరు మీద చేసిన పనే! కాగితం మీద అది అంతకు ముందే ఉంది. కాని వెళ్లడానికి మనిషేడీ?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 దాటినవారు పది కోట్లకు పైనే. తమిళనాడులో నూటికి పదిమందికి పైగా ఉన్నారు. వీళ్ల పనులన్నీ వేర్వేరు బల్లల మీద పడి ఉన్నాయి. వృద్ధాప్య పింఛను రెవెన్యూవారిది. పోషణ దరఖాస్తు ఆర్.డి.ఓ.ది. వృద్ధాశ్రమం జిల్లా సాంఘిక సంక్షేమ అధికారిది. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానివి. ఇన్ని ఆఫీసుల మధ్య, “ఈ వీధిలో ఉన్న ముసలివాళ్లందరూ నా లెక్కలోవాళ్లు” అని చెప్పే ఒక్క మనిషి ఉంటేనే ఆ చట్టానికి కాళ్లు వచ్చినట్టు.

కే.వి.కుప్పం చెప్పే పాఠం

అటువంటి మనుషులను ఊరూరా పెట్టి పని చేయించవచ్చునా? చేయించవచ్చునని చూపిన చోటు మన దగ్గరలోనే ఉంది. కే.వి.కుప్పం అనగానే మనవాళ్లు చిత్తూరు జిల్లా కుప్పం అనుకుంటారు. ఇది వేరు. కాట్పాడి నుంచి గుడియాత్తం పోయే దారిలో ఉంది. పూర్తి పేరు కీళ్‌వైత్తినాంకుప్పం. 2019లో దీన్ని కొత్త తాలూకాగా ప్రకటించారు.

వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రివారు 1977లో ఈ కే.వి.కుప్పం బ్లాకులో రూరల్ యూనిట్ ఫర్ హెల్త్ అండ్ సోషల్ ఎఫైర్స్ అనే విభాగాన్ని ప్రారంభించారు. అందరూ పొట్టిగా రూహ్సా అంటారు. తొలి అధిపతి డాక్టర్ దలీప్ ముఖర్జీ. ఈయనే తరువాత 1998 నుంచి 2010 వరకు లండన్‌లోని క్రిస్టియన్ ఎయిడ్ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. జబ్బుకు మందిచ్చి పంపిస్తే చాలదు, ఆ జబ్బుకు వెనకనున్న పేదరికాన్నీ నిరుద్యోగాన్నీ కూడా చూడాలన్నది ఆ విభాగం ఆలోచన. అందుకే పేరులో ఆరోగ్యం పక్కన సామాజిక వ్యవహారాలు అన్న మాట కూడా చేర్చారు.

నాలాంటి ఆఫీసు మనిషికి నచ్చేది వాళ్లు సిబ్బందిని అమర్చిన తీరు. బ్లాకును చిన్న చిన్న ప్రాంతాలుగా విభజించారు. ఊరూరా ఒక కుటుంబ సంరక్షణ కార్యకర్త. ఆమె ఆ ఊరి స్త్రీయే. పెద్ద చదువు అక్కర్లేదు, కాని ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెకు తెలుసు. ఆమె పైన ఆరోగ్య సహాయకురాలు. ప్రాంతానికి ఒక గ్రామీణ సమాజ అధికారి. వాళ్ల వెనక నర్సులు, డాక్టర్లు, ఆసుపత్రి. నాకు తెలిసిన ఆ గ్రామ నర్సు “నాకు చెప్పుకోవడానికి ఎవరున్నారు?” అంది కదా! ఇక్కడ చెప్పుకోవడానికి ఒక మెట్టు ఉంది, దానిపైన ఇంకో మెట్టు ఉంది. చూసినవాళ్లు ఒకరు, విన్నవాళ్లు ఒకరు, చేసేవాళ్లు ఒకరు. ఈ గొలుసు తెగకుండా ఉండడమే వ్యవస్థ అంటే.

మొదటి రోజుల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద ఎక్కువ శ్రద్ధ ఉండేది. కాలం మారింది. పిల్లల సంఖ్య తగ్గింది, చదువుకున్నవాళ్లు చెన్నైకీ బెంగుళూరుకీ వెళ్లారు, ఊళ్లలో ముసలివాళ్లు మిగిలారు. దాంతో రూహ్సావారు గ్రామాల్లో వృద్ధుల కోసం పగటి కేంద్రాలు నడపడం మొదలుపెట్టారు. అక్కడ మధ్యాహ్నం భోజనం పెడతారు, ఆరోగ్యం చూస్తారు. అన్నిటికంటే పెద్ద లాభం నలుగురి తోడు. భోజనం దగ్గర ఒకరు తగ్గితే “ఫలానా తాత ఇవాళ రాలేదే” అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న ఎంత విలువైనదో గడియ పెట్టిన గదిని చూసినవాడిగా నాకు తెలుసు.

ప్రభుత్వాలూ, సిబ్బందీ

ఒక సంస్థ ఒక బ్లాకులో చేసింది రాష్ట్రమంతటా చేయగలమా? తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ అనే పథకం ప్రారంభించింది. అంటే ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం. క్రిష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో దాన్ని మొదలుపెట్టారు. స్వయం సహాయక సంఘాల స్త్రీలు ఇంటింటికీ వెళ్లి రక్తపోటు, షుగరు చూసి మందులు ఇస్తారు. మంచం పట్టినవారికి నర్సు, ఫిజియోథెరపిస్టు ఇంటికే వస్తారు. వాళ్లు వచ్చేది బి.పి. చూడడానికే కావచ్చు. కాని గది బయట గడియ వాళ్ల కంట పడుతుంది. చూసింది ఎక్కడ చెప్పాలో వాళ్లకు ముందే నేర్పిపెడితే ఎంత బాగుంటుంది!

పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఆ తరువాత పింఛను ఇంటి దగ్గరే ఇవ్వడం మొదలైంది. 2024 జూలై నుంచి సచివాలయ ఉద్యోగులు నెల మొదటి రోజున వృద్ధులకు 4,000 రూపాయల పింఛను చేతికే ఇస్తున్నారు. ఇందులో రాజకీయాలు ఏమైనా ఉండనివ్వండి, ఒక మేలు మాత్రం ఉంది. నెలకొకసారి గవర్నమెంటు మనిషి ఆ ముసలివారి ముఖం చూస్తున్నాడు. తమిళనాడులోనూ ఒకప్పుడు వృద్ధాప్య పింఛను పోస్టుమాను చేతుల మీదుగా మనియార్డరులో వచ్చేది. పోస్టుమాను మామూలు అడిగేవాడని ఫిర్యాదులు ఉండేవి, అది తప్పే. డబ్బు ఖాతాలో వేయడంతో ఆ బెడద తగ్గింది. దాంతో పాటే నెలకొకసారి గడప దగ్గరకు వచ్చే రెండు కళ్లు కూడా పోయాయి. ఆ నష్టాన్ని మా బ్యాంకువాళ్లం ఎవరమూ లెక్క కట్టలేదు.

సంపన్న దేశాల్లో అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. ఇంగ్లండులో 2014 నాటి కేర్ యాక్ట్ 42వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమై తనను తాను కాపాడుకోలేని మనిషికి హింసో నిర్లక్ష్యమో జరుగుతోందని అనుమానం వస్తే స్థానిక సంస్థ తప్పనిసరిగా విచారించాలి. బాధితులు ఫిర్యాదు ఇవ్వాలన్న షరతు లేదు. మంచి చట్టం. కాని అక్కడ పెద్దవాళ్ల సంరక్షణ రంగంలో ఏళ్ల తరబడి లక్షకు పైగా ఉద్యోగాలు ఖాళీగా ఉంటూ వచ్చాయి. జీతం తక్కువ, పని భారం ఎక్కువ. చట్టం ఎంత గట్టిదైనా ఖాళీ కుర్చీ వెళ్లి తలుపు తట్టదు గదా!

ముసలివాళ్లే కాదు

కాపాడవలసినవారిలో మతి చెదిరినవారూ, బుద్ధిమాంద్యం ఉన్నవారూ ఉన్నారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. 28 మంది చనిపోయారు. వాళ్లను గొలుసులతో కట్టి ఉంచారు, అందుకే పారిపోలేకపోయారు. వాళ్లను అక్కడ వదిలినవారు తల్లిదండ్రులు, అన్నదమ్ములు. నయమవుతుందన్న ఆశతోనే వదిలారు. శిక్షణ పొందిన మనుషులు లేనిచోట గొలుసే కాపలాదారు అయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగులను గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. వేలూరు బాగాయంలోని సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రంలో మాత్రం రోగితో పాటు ఇంటి మనిషి కూడా ఉండి సేవ నేర్చుకునే పద్ధతి 1950ల చివరి నుంచే ఉంది. ఇంటివారిని దోషులుగా చూడకుండా సిబ్బందిలో ఒకరుగా చేసుకోవడం ఎంత తెలివైన పని!

మన సభ్యుల ఇళ్లలో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఉన్నారు. వాళ్లకు 18 ఏళ్లు నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు తమంతట తాము సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ నుంచి సంరక్షకుల ధ్రువపత్రం తీసుకోవాలి. బ్యాంకు ఖాతా నడపడానికి ఆ పత్రం చెల్లుతుంది. “మేమున్నాం గదా” అని వాయిదా వేయకండి. మనం లేని రోజు కోసమే ఆ కాగితం.

బ్యాంకు నుంచి నేర్చుకోదగ్గవి

మా వృత్తిలో మనుషులను నమ్ముతాం. కాని ఒక్క మనిషి మీద పూర్తిగా ఆధారపడం. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. ఒకరు రాసిన వోచరును ఇంకొకరు పాస్ చేయాలి. ఎంత నమ్మకస్తుడైనా ఏటా కొన్నాళ్లు తప్పనిసరిగా సెలవు మీద వెళ్లాలి, ఆ రోజుల్లో అతని సీటులో ఇంకొకరు కూర్చుంటే దాగి ఉన్నది బయటపడుతుంది. చెప్పకుండా వచ్చి నగదు లెక్కించే తనిఖీ ఉంటుంది. నోట్ల కట్టకు ఇంత కాపలా పెడతాం. నోరులేని మనుషుల కోసం ఇందులో సగమైనా పెట్టవద్దా?

ముసలివాళ్లను చూసే సంస్థ ఏదైనా సరే, ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. పనిలో పెట్టుకునే ముందు మనిషి పూర్వాపరాలు విచారించారా? రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి ఉన్నారు? ముసలివారి డబ్బు, సంతకం విషయాలు సేవ చేసే మనిషి కాకుండా వేరొకరు చూస్తున్నారా? చెప్పకుండా వచ్చి చూడడానికి బంధువులను అనుమతిస్తారా? నాలుగో ప్రశ్నకు వాళ్లు తడబడితే అక్కడ చేర్చకండి. ఐదో ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలి. ఆ ఆయాకు బతకడానికి సరిపడే జీతం ఇస్తున్నామా? అర్ధాకలితో ఉన్న మనిషి చేతిలో అమ్మను పెట్టి ఆప్యాయత ఆశించడం న్యాయం కాదు.

మన ఇళ్లలో చేయవలసినవి

ఇల్లు పిల్లల పేర రాసే పెద్దలకు ఒక హెచ్చరిక. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, మమ్మల్ని చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ తరువాత వాళ్లు చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. కాని 2022 డిసెంబరులో సుప్రీం కోర్టు, షరతు ఉన్నట్టు రుజువు కావాలని చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టం కనుక ఉదారంగా అర్థం చేసుకోవాలని చెప్పి, కొడుక్కు ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. ఈ వాదాలన్నీ మనకెందుకు? సెటిల్‌మెంటు పత్రంలోనే “జీవితాంతం పోషించాలి, వసతి ఇవ్వాలి” అన్న వాక్యం స్పష్టంగా రాయించండి. బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు అట్టిపెట్టుకోండి. పిల్లల మీద అపనమ్మకం అనుకోవద్దు. మేము తనిఖీ చేసేది క్యాషియరు దొంగ అని కాదు.

ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి ఇవ్వకండి. ఏ.టి.ఎం. కార్డు పిన్నుతో సహా పనిమనిషికి అప్పగించకండి. 70 దాటినవారికీ, నడవలేనివారికీ ఇంటికే వచ్చి సేవ చేయాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో బ్యాంకులను ఆదేశించింది. అడగండి, అడగడం మీ హక్కు. జీవన ప్రమాణ పత్రం 2014 నుంచి కంప్యూటరులో కూడా ఇవ్వవచ్చు. సౌకర్యమే. అయినా ఇంట్లో పెద్దవారి ముఖం చూసే పని యంత్రానికి వదిలిపెట్టవద్దు.

వృద్ధుల సహాయం కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు దేశమంతటా పని చేస్తోంది. పక్కింటి ముసలివారి గురించి మీరు కూడా ఫోను చేయవచ్చు. “వాళ్ల ఇంటి వ్యవహారం, మనకెందుకు?” అనే మాటే ఆ గడియకు పెద్ద తాళం.

ఇక మన సంఘానికి ఒక మనవి. సభ్యుల్లో చాలామంది పిల్లలు దుబాయిలోనో అమెరికాలోనో ఉన్నారు. ఇక్కడ ఇద్దరే, లేదా ఒక్కరే మిగిలిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఉగాది సభకు రాని పెద్దవాళ్ల పేర్లతో ఒక పుస్తకం తెరుద్దాం. నెలకొకసారి ఇద్దరు కలిసి ఆ ఇంటికి వెళ్లాలి, చూసింది రాయాలి. ఇద్దరిలో ఒకరు ఆరు నెలలకు మారాలి. డబ్బు ముట్టుకోకూడదు, ఏ దస్తావేజు మీదా సాక్షి సంతకం పెట్టకూడదు. వాలంటీర్ల ఉత్సాహం మొదటి మూడు నెలలు ఉంటుంది, అది ఎవరి తప్పూ కాదు. అందుకే జీతం మీద ఒక మనిషి కూడా ఉండాలి. 120 కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున ఇస్తే 12,000 అవుతుంది. సగం రోజు పని చేసే ఒక చదువుకున్న స్త్రీకి అది ఇవ్వవచ్చు. ఆమె మానేస్తే నెల తిరక్కముందే ఇంకొకరిని పెట్టడం కార్యదర్శి బాధ్యతగా నిబంధనల్లో రాసుకుందాం. పండుగ సభల ఖర్చుతో పోలిస్తే ఇదేమీ పెద్ద మొత్తం కాదు.

నేను త్వరలో రిటైరవుతాను. చివరిసారి చార్జీ అప్పగించేటప్పుడు తాళాలు, రిజిస్టర్లతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వాలనుకుంటున్నాను. మంచం పట్టిన ఖాతాదారుల పేర్లు, వాళ్ల ఇంటికి ఆఖరిసారి ఎవరు ఏ తేదీన వెళ్లారు, తరువాత ఎప్పుడు వెళ్లాలి అన్నవి అందులో ఉంటాయి. వచ్చే మేనేజరు దాని మీద సంతకం పెట్టాలి.

ఆ అవ్వకు ఇటువంటి కాగితం ఒకటి ఉండి ఉంటే, నేను వెళ్లిన తరువాత నెల కూడా మొదటి శనివారం ఎవరో ఒకరు ఆ తలుపు తట్టేవారు.